వెనక వరుసలోని ఒంటి సీటు

తలుపుకు వేసేది గడియ. పెట్టెకు వేసేది గొళ్ళెం. వ్యానులో సీటును నేలకు పట్టి ఉంచే వస్తువుకు మాత్రం మనవాళ్ళెవరూ ప్రత్యేకంగా పేరు పెట్టిన పాపాన పోలేదు. షెడ్డులో కొందరు దాన్ని లాకు అంటారు, కొందరు లాచి అంటారు. మా కింది వాటాలో అద్దెకుంటున్న సీట్ల మెకానిక్కు మాత్రం మొదటినుంచీ కొక్కెం అనేవాడు. పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి రిటైరైనవాణ్ణి కనక ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ప్రాణం లేచివచ్చేది. వంగి ఉండి మరొకదాన్ని పట్టుకునేదాన్ని కొక్కెమనక ఇంకేమంటారు? అయితే నేను రాయదలచింది మాటల గురించి కాదు, ఆ మనిషి గురించి.

అతడు పనిచేసే షెడ్డులో ఉన్నవన్నీ అద్దె వ్యాన్లు. ఒకనాడు మనుషుల్ని ఎక్కించుకుంటాయి, మరొకనాడు సామాను మోస్తాయి. సామాను మోసే రోజున సీట్లు ఊడదీసి గోడవారన వరుసగా నిలబెడతారు. మనుషులు ఎక్కే రోజున తిరిగి అమరుస్తారు. సీటు ముందుకాళ్ళను నేలలోని గాడుల్లోకి దూర్చి, వెనక్కి వాల్చి గట్టిగా నొక్కితే, వెనకకాళ్ళ కింద ఉన్న కొక్కెం నేలమీది ఇనుపకమ్మీని పట్టుకుని టక్కుమంటుంది. ఆ చప్పుడుతో మిగతావాళ్ళకు పని పూర్తయినట్టు. అతడికి అప్పుడే మొదలైనట్టు. ముందుకొకసారి కుదిపేవాడు, వెనక్కొకసారి కుదిపేవాడు, చివరకు పక్కవాటుగా మరొకసారి కుదిపి గాని సీటు వదిలేవాడు కాదు. అందుకే డ్రైవర్లు అతడికి కుదుపులన్న అని పేరు పెట్టారు.

“కుదుపులన్నా, మా ఆవిడ కొత్త కుర్చీ కొంది. వచ్చి ఓసారి కుదిపి పోరాదూ?” అని ఒకడు ఎగతాళి చేసేవాడు.

“కుర్చీ ఉన్నచోటే ఉంటుందయ్యా. వ్యాను ఉండదుగా” అని తల ఎత్తకుండానే జవాబిచ్చేవాడు.

మధ్యాహ్నం డ్రైవర్లందరూ వీధి చివరి టీ కొట్టుకు పోయేవారు. అతడు గోడవారన నిలబెట్టిన సీట్లలో ఒకదాని మీద కూర్చుని డబ్బా విప్పుకునేవాడు. అటూ ఇటూ ఖాళీ సీట్లు. ఎదురుగా షెడ్డు గుమ్మం, గుమ్మంలో ఎండ. నేను సాయంకాలం నడకను ఒక్కొక్క రోజు మధ్యాహ్నానికే మార్చుకుని అటు పోయినప్పుడు, ఎవరూ ఎక్కని బస్సులో ఒక్కడే కూర్చుని ఎక్కడికో ప్రయాణం చేస్తున్నట్టు కనిపించేవాడు.

గది కూడా అలాంటిదే. ఒక మంచం, ఒక పొయ్యి, చొక్కా తగిలించుకునే మేకు, ఒక కుర్చీ. ఎవరైనా వస్తే కుర్చీ వాళ్ళకిచ్చి తాను గుమ్మంలో కూర్చునేవాడు. ఎవరూ రారు కనక కుర్చీ నిండా ఉతికిన బట్టలుండేవి. పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకసారి అడిగాను. “కుదరలేదు మాష్టారూ” అన్నాడు. ఆ ఒక్క క్రియకున్న ఓపిక మన భాషలో మరి దేనికీ లేదు. కర్త ఎవరో చెప్పనక్కర లేదు, తప్పు ఎవరిదో చెప్పనక్కర లేదు. వాక్యం పూర్తవుతుంది, అడిగినవాడి నోరూ మూతపడుతుంది.

ఊరి ఆ చివర అతడి చెల్లెలు ఉండేది. భర్త, పెళ్ళయిన కూతురు, ఆ కూతురి పాప, నిండుగా ఉండే ఇల్లు. ఇంట్లో ఏ చిన్న సందర్భం వచ్చినా అన్నను పిలిచేది. అతడు వస్తానని చెప్పి వెళ్ళేవాడు కాదు. ఒకసారి జ్వరమన్నాడు. ఒకసారి షెడ్డు తాళంచెవి పోయిందన్నాడు. ఇంకోసారి బస్సు తప్పిపోయిందన్నాడు. చెల్లెలి ఇంటికి నడిచి పోవచ్చునని ఇద్దరికీ తెలుసు.

“నలుగురిలో కూర్చోవడం నాకు చేతకాదు మాష్టారూ. ఎవరి పక్కన కూర్చోవాలో తెలీదు. కూర్చున్నాక ఏం మాట్లాడాలో తెలీదు. లేచిపోదామంటే ఎందుకు లేచావంటారు” అని నాతో చెప్పుకున్నాడు.

ఒకరోజు ఆ చెల్లెలే గదికి వచ్చింది. నేను మెట్ల మీద ఉన్నాను. వాళ్ళ మాటలు వినబడ్డాయి. వినకూడదని నేనూ అంతగా ప్రయత్నించలేదు. అమ్మ పోయాక వాళ్ళిద్దరినీ పెంచిన పిన్ని కొండల్లోని ఒక ఊళ్ళో ఉంటోంది. కిందపడి మంచం పట్టింది.

“పెద్దాడు రాడా, పెద్దాడు రాడా అని నిన్నే అడుగుతోందన్నయ్యా. ఎల్లుండి పొద్దున్నే అందరం వెళ్తున్నాం. మీ షెడ్డు వ్యానే మాట్లాడాం. రాత్రికి అక్కడే ఉండి మర్నాడు తిరిగొస్తాం. వెనక ఒంటి సీటు నీది.”

“వస్తాను.”

“జ్వరం రాదు కదా?”

“రాదు.”

“తాళంచెవి పోదు కదా?”

“పోదులేవే.”

“చూడూ, నీ సాకులన్నీ వరసగా నిలబెడితే నువ్వే ఓ షెడ్డు తెరవొచ్చు. నేను అలగను, తిట్టను. ఈసారి గనక రాకపోయావో, ఇక పిలవను. అంతే.”

మర్నాడు అతడు క్షవరం చేయించుకున్నాడు. కొత్త చొక్కా కొనితెచ్చి, రంగు మరీ పడుచువాళ్ళదిలా ఉందేమో చెప్పమని నా దగ్గరికి పట్టుకొచ్చాడు. ప్రయాణపు సంచి లేదంటే నాది ఇచ్చాను. “పాపకు ఏమైనా కథ చెప్పాల్సొస్తే ఏం చెప్పను మాష్టారూ?” అని అడిగాడు. అన్నేళ్ళ పరిచయంలో అతడు భయపడకుండా ఒక ప్రయాణం గురించి మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

బయల్దేరే ముందురోజు సాయంత్రం దాకా ఆ వ్యాను సిమెంటు బస్తాలు మోసింది. అందువల్ల ఉదయం దాన్ని కడిగి, సీట్లన్నీ తిరిగి అమర్చవలసి వచ్చింది. సాగనంపుదామని సంచి పట్టుకుని నేనూ షెడ్డుకు వెళ్ళాను. కొత్త చొక్కా మీద మరక పడకుండా పైన పాత చొక్కా తొడుక్కుని పనిచేస్తున్నాడు. చివరగా మిగిలింది వెనక వరుసలోని ఒంటి సీటు. నొక్కాడు, టక్కుమంది. ముందుకు కుదిపాడు, కదలలేదు. వెనక్కి కుదిపాడు, కదలలేదు. పక్కవాటుగా కుదిపేసరికి సీటు చప్పుడైనా లేకుండా లేచి అతడి చేతుల్లోకి వచ్చేసింది.

మళ్ళీ నొక్కాడు. ఈసారి పట్టుకుంది. మళ్ళీ తీసి పెట్టాడు. పట్టుకుంది. ఇంకోసారి పెట్టాడు. వదిలేసింది. అంతలో చెల్లెలి కుటుంబం నవ్వుకుంటూ, సంచులు మోసుకుంటూ వచ్చేసింది.

“ఏం బావగారూ, కుదపడం ఇంకా అయిపోలేదా?” అన్నాడు చెల్లెలి భర్త. భారీ మనిషి, మాట కూడా భారీయే.

“ఈ సీటు పట్టడం లేదు బావగారూ.”

“ఏదీ, తప్పుకోండి.” ఆయన పైకెక్కి రెండు చేతులా పట్టుకుని ఊపాడు. వ్యాను ఊగింది గాని సీటు కదలలేదు. “ఇదిగో! నాకంటే గట్టిగా ఏ మలుపు లాగుతుంది చెప్పండి?”

మేనకోడలు పకపకా నవ్వి తానూ లాగింది. కదలలేదు. అతడు స్వయంగా అన్ని వైపులా కుదిపాడు. అప్పుడూ కదలలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున తరగతిలో అందరికంటే అల్లరివాడు చేతులు కట్టుకుని కూర్చుంటాడే, అదే వాలకం.

“మాష్టారూ, మీరైనా చూసి చెప్పండి” అంది చెల్లెలు.

పట్టుకుని లాగాను. “కదలలేదమ్మా” అన్నాను. ఉన్నమాట అదే. అంతకుముందు వదిలేయడం చూశారా అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. అతడు నా వైపు చూడలేదు.

“మీరు రాకముందు వదిలేసింది. కొండదారి, అన్నీ మలుపులు” అన్నాడు.

“కూర్చునేది నువ్వే కదన్నయ్యా. కాస్త గట్టిగా పట్టుకు కూర్చో.”

“నా సంగతి కాదే. బ్రేకు పడితే సీటుతో సహా వెళ్ళి ముందున్న పాప మీద పడతాను.”

“పాపను నా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటాలే మామయ్యా” అంది మేనకోడలు.

“అప్పుడు నీ మీద పడతానమ్మా.”

“ఆ కొలతది ఇంకోటి లేదా?”

“మిగతావన్నీ బయటి వ్యాన్లలో వెళ్ళాయి. కొత్త కొక్కెం తేవాలంటే దుకాణం తెరవాలి.”

“మధ్యాహ్నం దాటితే పిన్ని నిద్రపోతుంది, సాయంత్రం దాకా లేవదు” అంది చెల్లెలు. ఆమె గొంతు అప్పటికే మారింది.

“ఇదంతా ఎందుకు, సీటు తీసి పారేసి కింద కూర్చోండి. సర్దుకుపోదాం” అన్నాడు బావగారు.

“కింద కూర్చున్నవాణ్ణి పట్టుకునే కొక్కెమేదీ లేదు బావగారూ.”

ఆ మాటతో ఆయనకు నవ్వు ఆగిపోయింది. “రావాలని లేకపోతే రానని చెప్పొచ్చుగా. నోరులేని సీటు మీద నింద ఎందుకు?”

అతడు పాత చొక్కా బొత్తాలు ఒక్కొక్కటే విప్పుతున్నాడు, లోపలి కొత్త చొక్కా కనిపిస్తే నమ్ముతారని కాబోలు. చెల్లెలు దాన్నీ చూసింది.

“చొక్కా కూడా కొత్తది వేసుకొచ్చావు. ఈసారి బాగా ఏర్పాట్లు చేసుకున్నావన్నయ్యా” అంది.

“మీరు బయల్దేరండి. నేను బస్సులో వస్తాను.”

“వస్తావులే.”

అతడు సీటు ఎత్తి కింద పెట్టాడు. తలుపు మూసి, సరిగ్గా పడిందో లేదో చేత్తో లాగి చూశాడు. వ్యాను వెళ్ళిపోయింది.

ఆ తరవాత మేమిద్దరం బస్టాండుకు వెళ్ళాం. కొండ మీది ఊరికి రోజుకొక్కటే బస్సు. అది అప్పటికే వెళ్ళిపోయింది. మర్నాటి దాకా లేదు.

“చెల్లెలికి ఫోను చేసి చెప్పరాదా?” అన్నాను.

“ఏమని మాష్టారూ? బస్సు తప్పిపోయిందనా?”

నేను సంచి అందుకుని వెనక్కి తిరిగాను.

తిరిగి షెడ్డుకు వచ్చి ఆ సీటును తిరగవేసి కొక్కెం విప్పాడు. లోపలి స్ప్రింగు కొస విరిగి ఉంది. విరిగిన ముక్క ఒక్కొక్కసారి అడ్డం తిరిగి కొక్కేన్ని బిగబట్టేది, ఒక్కొక్కసారి జారిపోయేది. ఫోటో తీసి పంపమని చెప్పాను. నా ఫోను కూడా ఇవ్వబోయాను. అతడు ఆ ముక్కను వేళ్ళ మధ్య దొర్లిస్తూ తల అడ్డంగా ఊపాడు. “సాకుకి ఫోటో కూడా తీశాడంటుంది” అని, దాన్ని పాత ఇనుము డబ్బాలో వేశాడు. తరవాత ఆ సీటును గోడవారన నిలబెట్టి, ఎప్పటిలా దాని మీద కాక, కింద నేల మీద కూర్చుని, చెల్లెలి కోసం కట్టించుకున్న మిఠాయి పొట్లం నాకిచ్చి పిల్లలకెవరికైనా పెట్టమన్నాడు.

ఇక వెళ్ళడనుకున్నాను. మర్నాడు తెల్లవారాక తలుపు తీసి చూస్తే కింది గదికి తాళం ఉంది.

తక్కినది అతడు తిరిగివచ్చాక తునకలు తునకలుగా చెప్పినది. బస్సు సగం కొండ ఎక్కేసరికి మలుపులో వ్యాను ఎదురొచ్చింది. ఇరుకుదారి కావడంతో రెండూ దాదాపు ఆగినంత పనయింది. బావగారు ముందు సీట్లో నిద్రపోతున్నాడు. మేనకోడలు పాపకు జడ వేస్తోంది. చెల్లెలు అటువైపు లోయలోకి చూస్తోంది. వాళ్ళ వెనక సీటుండవలసిన చోట సంచులు పేర్చి ఉన్నాయి. అతడు చెయ్యి ఎత్తాడు. కిటికీ అద్దం తెరుచుకోలేదు. తెరుచుకున్నా ఏమని పిలవాలో అతడికి తోచి ఉండేది కాదేమో. వ్యాను దిగిపోయింది, బస్సు ఎక్కిపోయింది.

పిన్ని ఒక చిన్న ఇంట్లో, కిటికీ పక్క మంచంలో ఉంది. చూపు సరిగా ఆనడం లేదు. చేతులు తడిమి పోల్చుకుంది. “పెద్దాడా! నిన్న అందరూ వచ్చార్రా. నీ కోసం తలుపు వేయనివ్వలేదు నేను” అంది. గదిలో అందరూ కూర్చుని వెళ్ళిన కుర్చీలు గుండ్రంగా అలాగే ఉన్నాయి. అందులో ఒకటి మంచం దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. ఆమెకు తల దువ్వాడు, దిండు సర్దాడు, నీళ్ళు తాగించాడు. మాటలు వెతుక్కోవలసిన అవసరం రాలేదట, ఆమే మాట్లాడింది.

సాయంత్రం ఫోను మోగింది. చెల్లెలు.

“పిన్నికి ఎలా ఉందో కనుక్కుందామని పక్కింటావిడకు చేస్తే నువ్వొచ్చావంది. నిజమేనా?”

“నిజమే. మీరు చేరారా?”

“దారిలో అక్కడక్కడా ఆగి, ఇప్పుడే ఇల్లు చేరాం. అయితే మేం వెళ్ళేదాకా ఆగి వెళ్ళావన్నమాట.”

“అది కాదే. నిన్న బస్సు…”

“వద్దన్నయ్యా, చెప్పకు. పిన్నినైనా చూశావు, సంతోషం. మా మధ్య కూర్చోలేవు, అంతేగా? నేనే అర్థం చేసుకోలేకపోయాను.” కోపం లేదు ఆమె గొంతులో. కోపం ఉండి ఉంటే బాగుండేదన్నాడు నాతో. “బాగుండు” అని ఫోను పెట్టేసింది.

అతడు ఫోను జేబులో పెట్టుకుని పిన్ని దుప్పటి సర్దాడు.

“ఎవర్రా?” అంది పిన్ని.

“చెల్లాయి.”

“ఏమంటోంది?”

“ఇల్లు చేరారట. క్షేమంగా.”

“అందరూనా?”

“అందరూ” అన్నాడు.