తొక్కు జాడీలో రాయి

పోయిన సోమవారం పొద్దున బాబుపేట్‌లో మా అత్తమ్మ కన్నుమూసింది. ముందురోజు కూడా జొన్నరొట్టె తిని, ఉప్పు చాలలేదని నాకు చెప్పింది. అందుకే ఆమె గురించి ఏడుస్తూ రాయడం నాకు చేతకావడం లేదు.

అంతకుముందు మేము చాలా ఏళ్ళు రాజురాలో ఉన్నాం. రోజూ పిడకలకు మా ఆవు పెండ కలిపేముందు ఆమె దాన్ని వేళ్ళతో విడదీసి చూసేది. "నిన్న దీనికి పచ్చిగడ్డి దొరికింది" అనేది. ఒకసారి అందులో పత్తిగింజల పొట్టు కనిపిస్తే, ఆవు ఎవరి చేలో పడిందో ఊహించి, వాళ్ళు అడగకముందే వెళ్ళి తప్పు ఒప్పుకొని వచ్చింది. "నోరు అబద్ధమాడుతది గని పెండ ఆడదు" అనేది. రాజురాను హైదరాబాదు రాష్ట్రం నుంచి తీసి బొంబాయి రాష్ట్రంలో కలిపిన ఏడు, కచేరీలో ఇక ఏ భాష మాట్లాడాలోనని వాడంతా బెంగపడుతుంటే, "సర్కారు మారింది గని ఆవు మేత మారిందా?" అంది.

ఆ ఏడే ఖనిజాల సర్వే చేసే ఉద్యోగి ఒకాయన మా ముందుగదిలో అద్దెకు దిగాడు. ఆసిఫాబాద్ వైపు మనిషి. ఒకరోజు నేను తొక్కు జాడీలోంచి రాయి తీస్తుంటే చూశాడు. మామిడి ముక్కలు నూనెలో మునిగి ఉండాలని అత్తమ్మ పెట్టిన రాయి అది. వరోరా దగ్గర తన తమ్ముడి చేలో దొరికితే, నున్నగా ఉందని కడిగి తెచ్చుకుంది. ఆయన దాన్ని అటూఇటూ తిప్పి, "ఇది పెండ అమ్మా. రాయిగ మారింది. ఏనుగుకన్న పెద్ద బల్లిజాతి జంతువుది. మనుషులు పుట్టకముందుది" అన్నాడు.

సాయంత్రానికి వాడంతా తెలిసింది. పక్కింటి వదిన గిన్నెడు తొక్కు తిరిగి తెచ్చింది.

"ఏమనుకోకు పెద్దమ్మా. పెండల ఊరిన తొక్కు మా ఇంట్ల ఎవరు ముట్టరు."

ఆ వాడలో ప్రతి ఇల్లూ అత్తమ్మ చేతి తొక్కే తినేది. ఆమెకున్న పేరంతా అదే. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు. ఆమె తిండి మానడం నేను చూసింది ఆ ఒక్కసారే.

తెల్లారి సర్వే ఆయన్ని అడిగింది. "ఇది ఏం తిన్నదో తెలుస్తదా?"

"అరగదీస్తే తెలుస్తదమ్మా. మేసేదైతే ఆకు ముక్కలుంటయి. వేటాడేదైతే ఎముకలు, చేప పొలుసులు."

అత్తమ్మ వాడ ఆడవాళ్ళందరినీ పిలిచింది. "ఎముక కనవడితే జాడీ నేనే పారబోస్త. ఆకు కనవడితే అందరు తినాలె."

సానరాయి మీద నీళ్ళు చల్లి తనే అరగదీసింది. ఎంతకీ అరగలేదు. చివరికి ఒక పక్క కొంచెం అరిగాక ఆయన భూతద్దం పెట్టి చూశాడు. ఎముక లేదు. సన్నని నల్లటి ఆకు పీలికలు, పుల్లల ముక్కలు.

"మీ తమ్ముని చేను అప్పుడు అడవమ్మా" అన్నాడు.

"ఇప్పుడు వాని చేల గడ్డి సుత మొలవది" అంది అత్తమ్మ.

వదిన ఇంకా తగ్గలేదు. "ఆకులే తిన్నది, సరే. ఆవైతే కాదు గద పెద్దమ్మా?"

"ఆవు కాకపోతేంది? నీ పొయ్యిల బర్రె పిడకలు లేవా? ఆ రొట్టె తింటలేవా?"

ముందు నవ్వింది వదినే. అత్తమ్మ జాడీని వాకిట్లోకి తెచ్చి, గరిటె పట్టుకొని నిలబడింది. "అద్దంల చూసినోళ్ళకే తొక్కు."

గిన్నెలతో వరుస కట్టారు. అందరికన్నా ముందు వదిన, ఒక కన్ను మూసుకొని, అద్దం మీదికి వంగి ఆ పాత అడవిని చూస్తోంది. ఖాళీ గిన్నె పట్టిన ఆమె చెయ్యి మాత్రం వెనక్కి, అత్తమ్మ గరిటె వైపు చాచి ఉంది.