వంక పెట్టని బేరం

పోయిన వారం మా మరిది కారు కొంటానంటే తోడుగా ఆదోని వెళ్ళాను. కార్ల కన్సల్టెన్సీ ముందు ఎండలో వరసగా నిలబెట్టిన పాత కార్ల నుంచి వేడెక్కిన రెక్సిన్ వాసన గుప్పుమంటోంది. మరిది వెళ్ళీ వెళ్ళగానే ఒక కారు టైరును చెప్పుకాలితో ధబ్బుమని తన్ని, "ఏందన్నా ఈ డబ్బా? దీనికింత ధరా?" అని మొదలుపెట్టాడు. బేరమంటే అందరికీ అదే. ముందు వస్తువును పాడె ఎక్కించాలి, ఆ తర్వాత ధర అడగాలి. ఆ తన్ను మాత్రం నాకే తగిలినట్టయింది. మా ఈరమ్మత్త అక్కడ ఉండుంటే వాడి చెవి మెలిపెట్టేది.

ఈరమ్మత్త నాకు బంధువు కాదు. ఎమ్మిగనూరులో మా ఇంటికి రెండిళ్ళ అవతల ఉండేది. వాళ్ళది ఉరుకుంద ఈరన్నను కొలిచే ఇల్లు, మాది ఆదివారం చర్చికి పోయే ఇల్లు. అయినా మాట వచ్చినప్పటి నుంచీ అత్తా అనే పిలిచాను. ఆమె కూలి మేస్త్రీ. పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి మా పేట ఆడవాళ్ళను కూడగట్టి, రైతులతో కూలి మాట్లాడి, పొలాలకు తీసుకెళ్ళేది. గొంతు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. అంతమందిని నడిపించే మనిషికి బేరమాడటం మాత్రం చేతకాదని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. సంతలో వంకాయల ముందు కూర్చుని, "ఏం నిగనిగలాడతాండాయి తల్లీ!" అని మురిసిపోయేది. "ఈమె బేరమాడితే ధర పెరుగుతాది" అని మా అమ్మ నవ్వేది. అందరికన్నా మంచి కాయలు ఆమె సంచిలోకే ఎలా వచ్చేవో మేమెవరం ఆలోచించలేదు.

పదేళ్ళ కిందటి మాట. పొలం నుంచి మావాళ్ళను కుక్కుకొస్తున్న ఆటో బోల్తా పడింది. ఎవరి ప్రాణమూ పోలేదు గానీ ఒకామె చెయ్యి విరిగింది. ఇంక ఆటో ఎక్కేది లేదని ఆడవాళ్ళు తెగేసి చెప్పారు. దాంతో అత్త పొదుపు సంఘంలో అప్పు తీసుకుని, పాతదైనా సరే, ఒక పెద్ద కారు కొనాలనుకుంది. నడపడానికి నన్ను రమ్మంది. మా నాన్న ట్రాక్టర్ డ్రైవరు, స్టీరింగ్ పట్టడం నాకు ఆయనే నేర్పాడు. లైసెన్సు చేతికొచ్చి రెండేళ్ళయినా ఆడపిల్లకు బండి ఇచ్చేవాళ్ళు దొరకలేదు. అడిగిన ప్రతిచోటా నవ్వులే. ఈ కారు వస్తే నాకు పని ఉంటుంది, రాకపోతే మళ్ళీ పత్తి చేనే గతి. ఆ ఆశతోనే అత్తతో ఆదోని బస్సెక్కాను.

కన్సల్టెన్సీ నడిపే ఆయన పేరు బాషా భాయ్. నున్నగా దువ్విన గడ్డం, అంతకన్నా నున్నని మాట. కూర్చోగానే చేతికి టీ ఇచ్చి, తెల్ల కారొకటి చూపించాడు. "రెండు లక్షల ఎనభై వేలమ్మా. పైసా తగ్గేది లేదు." మా దగ్గర ఉన్నది రెండు లక్షల ముప్పై వేలు. ఇప్పుడైనా గొంతు పెంచుతుందేమోనని అత్త వైపు చూశాను. ఆమె కారు చుట్టూ నెమ్మదిగా తిరిగి, తలుపు మీద అరచెయ్యి పెట్టి నిమిరింది.

"బలే బండప్పా. ఎవురో బాగా సూసుకున్నారు దీన్ని. సీట్లు సూడు, యెంత మెత్తగుండాయో!"

నాకు తల తిరిగింది. బాషా భాయ్‌కి ఇంకా ఎక్కువ తిరిగి ఉంటుంది. టైరు అరిగిందంటే ఏమనాలో, రంగు పోయిందంటే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకుని కూర్చున్న మనిషి ఆయన. పొగిడితే ఏమనాలో తెలియలేదు. "అవునమ్మా, మంచి బండే" అని ఊరుకున్నాడు.

"మంచిదే. నువ్వడిగింది న్యాయమే. మా కాడ రెండు లక్షల ముప్పై వేలే ఉండాది. దాని యోగ్యత దానిది, మా శక్తి మాది. పోయొస్తామప్పా" అని అత్త గ్లాసు కింద పెట్టి లేచింది.

గేటు దాకా వచ్చామో లేదో వెనక నుంచి పిలుపు. "అమ్మా, నిలబడు! మరీ అంత మంచిదేం కాదులే బండి."

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పోతున్న బేరాన్ని వెనక్కి తెచ్చుకోవాలంటే ధర తగ్గించాలి. తగ్గించడానికి కారణం కావాలి. మేం ఒక్కటీ చెప్పలేదు కాబట్టి ఆయనే చెప్పుకోవాల్సి వచ్చింది. రెండో గేరు మొరాయిస్తుందన్నాడు. వానొస్తే కిటికీలోంచి నీళ్ళు కారతాయన్నాడు. ఒక్కో వంక చెప్పి కొంత కొంత తగ్గిస్తున్నాడు. అత్తేమో "అయ్యో పాపం" అంటూ జ్వరమొచ్చిన బిడ్డను ఓదార్చినట్టు కారును నిమురుతోంది. చివరికి, "యాడ తిప్పుతారమ్మా దీన్ని?" అని అడిగాడు.

"చేన్లకప్పా. మా ఆడోళ్ళను ఎక్కించుకోని పోతాము."

ఆయన చూపు కారు వెనక్కి పోయింది. "వెనక తలుపు లోపలి నుంచి తెరుసుకోదమ్మా. సెప్పకూడదనుకుంటి. ఆడోళ్ళు కూసుంటారంటే మనసొప్పడంలేదు. నేనే బాగు చేయించి ఇస్తా. మీరన్న ధరకే తీసుకపోండి" అన్నాడు.

"సెప్పినావు సూడు, అది మంచితనమంటే" అంది అత్త.

బేరం కుదిరిపోయిందనుకున్నాను. అత్త నడుముకు దోపుకున్న సంచి తీస్తుంటే, డ్రైవరెవరని అడిగాడు. ఆమె నన్ను చూపించింది. ఆయన పకపకా నవ్వాడు. "ఈ పాపా? ఆడపిల్ల సేతికి స్టీరింగా? నాలుగు దినాల్లో గోడకు గుద్ది మళ్ళా నా కాడికే తెస్తారు సూడండి." పక్కన పనిచేసుకుంటున్న మెకానిక్కులూ నవ్వారు. నాకది అలవాటే. తల దించుకున్నాను.

అత్త సంచిని మళ్ళీ నడుముకు దోపుకుంది.

"నీ బండికి నేనొక్క వంకన్నా పెట్టినానా? నా పిల్లకు నువ్వెట్ల పెడతావు?"

"పోనీలే అత్తా" అని కొంగు పట్టుకుని లాగాను. కళ్ళ ముందే కారు పోతోంది, పని పోతోంది, నాకు ఏడుపొస్తోంది. ఆమె కొంగు విడిపించుకుని గేటు దాటి రోడ్డెక్కింది. ఈసారి వెనక్కి పిలిచినా తిరిగే నడక కాదది. నిజంగానే వదిలేసుకుంది. బస్టాండు దగ్గరికి వచ్చేశాక బాషా భాయ్ చెప్పులు టపటపలాడించుకుంటూ రొప్పుతూ వచ్చాడు. జేబులోంచి తాళాలు తీసి అత్తకు కాదు, నా చేతిలో పెట్టాడు.

"తప్పయిపాయె పాపా. నువ్వే నడుపుకోని పో."

వెనక్కి వెళ్ళి డబ్బు కట్టి, తలుపు బాగు చేయించుకుని బయల్దేరేసరికి సాయంత్రమైంది. ఊరు దాటాక ఉండబట్టలేక అడిగాను. "వాళ్ళు నవ్వితే మనకేం పోయె అత్తా? బండి పోయింటే ఏం చేసేవాళ్ళం?"

ఆమె నా వైపు తిరిగింది. "కూలి మాట్లాడేటప్పుడు రైతులేమంటారో నువ్వు ఇనలేదా? ఈమె ముసిల్ది, ఆమెకు సేతులాడవు అని మా ముందరే అంటారు, కూలి తగ్గిచ్చుకునేకి. బేరమైనాక వాళ్ళు మర్సిపోతారు. ఆ మాట మాత్రం మాతో ఇంటికొస్తాది. శానా ఏండ్లు మోసినాను అమ్మీ. ఇంగొకరి మీద వెయ్యబుద్ధి కాదు. వేస్తాంటే సూడబుద్ధీ కాదు."

వంకాయలను కూడా ఎందుకు మెచ్చుకునేదో నాకప్పుడు అర్థమైంది. కళ్ళు చెమర్చి రోడ్డు మసకబారితే బండి నెమ్మది చేశాను.

ఈరమ్మత్త పోయి మూడేళ్ళయింది. ఆ ఆడవాళ్ళ కూలి ఇప్పుడు నేనే మాట్లాడుతున్నాను. "ధర సంగతి మాట్లాడన్నా, మనిషి సంగతొద్దు" అంటే కొందరు రైతులు సర్దుకుంటారు, కొందరు వేరే మేస్త్రీని చూసుకుంటారు. అలా పని పోయిన రోజు ఆమెకున్నంత ధైర్యం నాకుండదు, లోపల గుబులుగానే ఉంటుంది. అయినా ఆ మాట అనకుండా ఉండలేను. కొత్త ఊళ్ళో బండి ఆపితే, ఆడమనిషా నడిపేదని నవ్వేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నేను తల దించుకోను. చేతికందిన కారును నాకోసం వదిలేసి, ఆదోని రోడ్డు మీద వెనక్కి తిరగకుండా నడిచిపోయిన మనిషికి నేను పిల్లను.