మ్యాగ్నెట్ అంటని ఎల్బో

పులివెందుల నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సులో, పైపు మలుపులో బిగించే స్టీలు ఎల్బోను తువ్వాలుతో తుడుస్తున్నాను. మా ఉప్పునీళ్ల బోరుకు బిగిస్తే ఏడాది తిరక్కముందే తుప్పుపట్టి కారింది. అమ్మిన ప్రొద్దుటూరు షాపాయన నలుగురి ముందు దానికి మ్యాగ్నెట్ పెట్టి, "అంటలేదు చూడు, అసలు స్టీలే. నీకే వాడేది చేతగాలే" అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేదు. మార్చి ఇచ్చేదాకా వదిలేది లేదనుకున్నాను.

కువైట్‌లో పైపుల పని చేసి వచ్చానన్న పక్కసీటు పెద్దమనిషి నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తుడవాకప్పా. తుప్పు పోతే ఆయప్పకు ఏం చూపిస్తావు?"

"మ్యాగ్నెట్ అంటలేదంటాడు మామా."

"నాసిరకం స్టీలుకు గూడా అంటదు. దీని మీద గ్రేడు నంబరు యాడుంది? ఉప్పునీళ్లకు మూడువందల పదహారు కావల్ల. కొనేటప్పుడు అడిగినావా?"

"లేదు."

"ఈ పొద్దన్నా అడుగు. గట్టిగా అడుగు."

ఆయన పేరు కూడా అడక్కుండానే దిగాను.

షాపాయన మళ్లీ మ్యాగ్నెట్ తీశాడు.

"అది లోపల పెట్టప్పా. నంబరు యాడుందో చూపీ" అన్నాను, షాపులో అందరికీ వినపడేలా.

ఎల్బోను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా నంబరు లేదు. లోపలికి పోయి 316 అని అచ్చున్న కొత్తది తెచ్చిచ్చి, పాతదానికి చెయ్యి చాపాడు.

ఇవ్వలేదు. అది ఇప్పటికీ మా కిటికీలోనే ఉంది. ఎవరినీ తుడవనివ్వను.