గిన్నెల మిషన్‌కు తగిలిన దిష్టి

ఆ రోజుల్లో లోకంలోని మూఢనమ్మకాలన్నీ నా చేతిలో చావడానికే వరసలో నిలబడి ఉన్నాయని నాకు గట్టి నమ్మకం. లాక్‌డౌన్లు ముగిసిన కాలం. కొత్త ఉద్యోగం, కొత్త గడ్డం. సాయంత్రాలు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర మిత్రులతో కలిసి జాతకాలనూ ముహూర్తాలనూ చీల్చి చెండాడి, ఆపైన అశోక్‌నగర్‌లో మా మేనత్త ఇంటికి చేరి, అన్నం తింటూ మిగిలిన సగం ఆమెకు వినిపించేవాణ్ణి. అందుకే ఆమె నాకు ‘ఉపన్యాసం’ అని పేరు పెట్టింది. (“ఉపన్యాసం, జర పప్పు ఏసుకో” అంటే పలికేవాణ్ణి కూడా.) పనిమనిషి మానేశాక గిన్నెలు తోమీ తోమీ అత్త చేతులు పగిలిపోతుంటే చూడలేక, హిమాయత్‌నగర్‌లో గిన్నెలు కడిగే మిషన్ కొన్నాను. దుకాణం ఆయన “దీంట్ల పోసే ఉప్పు వేరే ఉంటది, తీస్కోండి సార్” అన్నాడు. యంత్రానికి ఉప్పేమిటని నిలదీసి, కొనేవాడి అమాయకత్వం మీద బతికే వ్యాపారం గురించి ఆయనకు కాస్త ప్రసంగించి, ఉప్పు లేకుండానే విజేతలా తిరిగొచ్చాను.

నెల రోజులు గిన్నెలు మెరిశాయి. అప్పుడు కింది వాటా పిన్నిగారు మిషన్ చూడ్డానికి పైకి వచ్చారు. భీమవరం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. అత్తకు ఏళ్లనాటి స్నేహితురాలు. ఆ మెట్ల మీద కూర గిన్నెలు ఎక్కని రోజూ దిగని రోజూ ఉండేది కాదు. ఆవిడ ఒక స్టీలు గ్లాసు ఎత్తి చూసి, “ఎంత తళతళలాడుతున్నాయో వదినగారూ, మొహం చూసుకోవచ్చండీ” అన్నారు. ఆ వారమే గ్లాసులకు తెల్లటి పొర పట్టింది. పళ్ళాలైతే సున్నం వేసిన గోడల్లా తయారయ్యాయి.

“కిందామె కన్ను పడ్డది” అని తేల్చేసింది అత్త. దొడ్డుప్పూ ఎండుమిరపకాయలూ మిషన్ చుట్టూ తిప్పి, మిరపకాయలు పొయ్యిలో వేసింది. మూడంతస్తుల వాళ్ళం కలిసి దగ్గాం. పొర పోలేదు. అత్త తలుపు మాత్రం మూసుకుంది.

ఆ మర్నాడు మెట్ల మీద పిన్నిగారు నన్ను ఆపారు. “అబ్బాయ్, మీ అత్తయ్యకి ఒంట్లో బాగోలేదా? చింతకాయ పచ్చడి తెస్తే తలుపు తియ్యలేదు. నేనేమన్నా అన్నానా?” ఆవిడ చేతిలో గిన్నె అలాగే ఉంది. ‘దిష్టిని నమ్మితే ఎవరికేం నష్టం?’ అని నాతో వాదించే పెద్దమనుషులంతా ఆ క్షణంలో ఆవిడ ముఖం చూసి ఉండాల్సింది. గ్లాసులు ఏమైపోయినా సరే, ఆవిడ మీద పడిన నిందను తుడిచెయ్యాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

ఆ వారం మారినదేమిటని ఆరా తీస్తే వాచ్‌మన్ చెప్పాడు: ఎండలు ముదిరి నల్లాలో వచ్చే మునిసిపాలిటీ నీళ్ళు తగ్గాయట, ట్యాంకును బోరుతో నింపుతున్నాడట. అంతే. ఆదివారం అత్తనూ పిన్నిగారినీ మెట్ల దగ్గర నిలబెట్టి, ఒక సీసాలో నల్లా నీళ్ళు, ఒకదాంట్లో బోరు నీళ్ళు పోసి, రెండింట్లోనూ ఒకే సబ్బు వేసి ఊపాను. మొదటిది నురగతో నిండింది. రెండోది విరిగిన పాలలా తేలింది.

“ఆ తెల్లటిది బోరు నీళ్ళలోని సున్నం అత్తా. మరి పిన్నిగారి చూపు భూమి లోపలికి కూడా పోయిందా?”

“పోతది. ఆమెకు కండ్లద్దాలు లేవా?” అంది అత్త. కానీ గొంతులో పట్టు తగ్గింది. పిన్నిగారికే ముందు నవ్వొచ్చింది.

ఇక దుకాణం ఆయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. (ఆయన నా ప్రసంగాన్ని మరిచిపోలేదు. ఉప్పు ప్యాకెట్ ఇస్తూ “ఇప్పుడు యంత్రం అడిగిందా సార్?” అన్నాడు.) పాత పొరను నిమ్మచెక్కలతో రుద్ది, నీళ్ళలోని సున్నానికి తగ్గట్టు మిషన్‌లో మీట సరిచేసి, అడుగున ఉన్న గూటిలో గరాటుతో ఉప్పు పోశాను.

“ఉప్పు నీళ్ళకు మల్ల ఉప్పేందిరా?”

“లోపల సున్నాన్ని పట్టేది ఒకటుంటది అత్తా. ఈ ఉప్పు దాన్ని కడుగుతది. గిన్నెలకు తగలదు.”

సాయంత్రానికి పళ్ళాలూ గిన్నెలూ మెరిశాయి. వాటిలో అన్నిటికన్నా మెరిసే గిన్నె ఏరి, అత్త దాని నిండా గుత్తొంకాయ కూర పెట్టుకుని మెట్లు దిగింది. నేను మాట్లాడిన సభలు చాలా ఉన్నాయి. ఆ చెప్పుల చప్పుడు కన్నా గొప్ప చప్పట్లు నాకు ఎక్కడా దొరకలేదు.

ఇప్పుడు నేను నారాయణగూడలో ఉంటున్నాను, గడ్డం తీసేశాను. మొన్న వెళ్తే అత్త ఎదురింటి కొత్త కోడలికి బోరు నీళ్ళ గురించీ సున్నం గురించీ చెబుతోంది, అచ్చం నా ధోరణిలోనే, నాకన్నా తక్కువ మాటల్లో. గర్వంతో గుమ్మంలోనే ఆగిపోయాను. అంతా చెప్పి, ఉప్పు ప్యాకెట్ తీసి, పోసేముందు మిషన్ చుట్టూ ఒకసారి తిప్పింది.

“ఇంకా ఎవరి దిష్టి అత్తా? పిన్నిగారిదా?”

“ఆమెదెందుకైతది పాపం? నీదేరా ఉపన్యాసం. వచ్చినప్పుడల్లా ఈ మిషన్‌ను నీ అంత పొగిడెటోళ్ళు ఇంకెవరున్నరు?”

జవాబు ఇవ్వాల్సిందే. లైబ్రరీ రోజుల్లోని ఆ కుర్రవాడైతే గంటసేపు ఇచ్చేవాడు. నేను చెప్పులు విప్పి, ఈసారి మిషన్ గురించి ఒక్క మాట కూడా అనకుండా, కంచం ముందు కూర్చున్నాను.