మూడో వార్డు తలుపు మీద అత్త అంటించిన కాగితం

మూడో వార్డు తలుపు మీది కాగితాన్ని చించేయించినవాళ్లు పుదుచ్చేరి లాస్‌పేటలోని ఆ ప్రైవేటు ఆస్పత్రి యజమానులు. "ఇక్కడ మందులకు లొంగని క్రిమి ఉంది, చేతులు కడుక్కోనిదే ఎవరినీ ముట్టుకోకండి" అని దాని మీద తమిళంలో రాసి అంటించింది అక్కడి నర్సు, మా పక్కింటి అత్త. తర్వాత కడుపు ఆపరేషన్ జరిగి ఆమే అదే వార్డులో పడుకోవలసి వచ్చింది. గాయానికి ఆ క్రిమే పట్టింది. ఏ మందూ పనిచేయలేదు. పోయిన మంగళవారం పొద్దున అత్త చనిపోయింది.

ఆస్పత్రివాళ్లు పెట్టిన సంతాప ఫ్లెక్సీలో "సేవామూర్తి" అని ఉంది. ఒళ్లు మండిపోయింది. నాకు తెలిసిన అత్త వంకాయలు తరుగుతూ నన్ను ఏడిపించే మనిషి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆమెకు తెలుగు చదవడం రాదు. నా కరపత్రాలు నేనే చదివి వినిపించాలి. "ఒరే, దీంట్లో యాడా ఒక చుక్క పెట్టలేదే! మనిషి ఊపిరి ఎప్పుడు తీసుకునేది?" అనేది. సబ్బుతో రుద్దీ రుద్దీ ఆమె వేళ్ల సందులు పగిలి ఉండేవి.

ఒకసారి నాకు జ్వరం వచ్చి, మందుల షాపులో "ఒక సెట్టు" అని అడిగాను. పుదుచ్చేరిలో అందరం చేసే పనే. డాక్టరు చీటీ అడగరు, నాలుగు రకాల మాత్రలు కాగితంలో మడిచి ఇస్తారు. అత్త పొట్లం విప్పి, యాంటీబయాటిక్ మాత్రను వేలితో పక్కకు నెట్టింది.

"ఇది ఏందిరా?"

"సెట్టు అత్తా."

"విప్లవం తెచ్చేవాడివి, మింగేది ఏందో తెలీదా? ఇట్ల ఊరికే మింగితే క్రిమి మందును తప్పించుకునేది నేర్చుకుంటాది."

నేనూరుకుంటానా? క్రిమి నేర్చింది దాని పిల్లలకే కదా పోయేది అని వాదించాను.

"పక్కోడికి కూడా పోతాదిరా. పదో తరగతి పరీక్షలో నువ్వు బిట్టు అందీలేదా?" మా ఊళ్లో కాపీ చిట్టీని బిట్టు అంటాం. "ప్లాస్మిడ్ అంటే అదే. క్రిమి లోపల ఉండే చిన్న డిఎన్ఏ చుట్ట. మందును ఎట్ల తప్పించుకోవాలనేది దాంట్లో ఉంటాది. ఒక క్రిమి ఇంకోదాన్ని ఆనుకొని దాని నకలు ఇచ్చేస్తాది. వేరే జాతిదైనా సరే. నువ్వు సెట్టు మింగినావనుకో, బిట్టు లేనివి చస్తాయి. ఉన్నవాటికి బెంచీలన్నీ ఖాళీ!"

"మరి కాపలా ఎవరు అత్తా?"

"మేమే. చేతులు కడగకపోతే మంచం నుంచి మంచానికి మోసేదీ మేమే."

మూడో వార్డులో కొళాయి చెడిపోయి నెలలయింది. అడిగిన ప్రతిసారీ మేనేజరు "చూద్దాం సిస్టర్" అన్నాడు. రెండు జాతుల క్రిములు ఒకే మందులకు లొంగడం లేదని ల్యాబు రిపోర్టు వచ్చింది. ఆ రోగులను వేరే గదిలో పెట్టమని అత్త అడిగితే "ఊరికి తెలిస్తే ఇక్కడికి ఎవరొస్తారు?" అన్నారు. అప్పుడే ఆమె కాగితం అంటించింది. సాయంత్రానికి అది లేదు.

మేనేజరు మీదికి బయలుదేరిన నన్ను అత్త చెయ్యి పట్టుకుని ఆపింది. "కోపం మంచిదేరా. కొళాయి బాగయ్యేటట్టు కోప్పడు." ఆ రోజు ఆగిపోయాను. ఆగినందుకు నా మీద నాకే మంట.

ఆ వార్డులో ఆ క్రిమి పట్టినవాళ్లు ఇంకా ముగ్గురున్నారు. వాళ్లను వేరే గదికి మార్చాలి. కొళాయిలో నీళ్లు రావాలి. రిపోర్టు వాళ్ల ఇంటివాళ్లకు చూపించాలి. ఆస్పత్రి గేటు ముందు నిలబడి అడుగుదాం, గుంపుగా లోపలికి మాత్రం వెళ్లొద్దు. మూడో వార్డు కిటికీ రోడ్డు వైపే ఉంది. పగలంతా ఒక తాత చువ్వలు పట్టుకుని, ఎవరైనా వస్తారేమోనని కిందికి చూస్తుంటాడు. శనివారం పొద్దున పది గంటలకు ఆయనకు మనం కనిపించాలి.