సాక్షి సంతకం

ఎనభైల మొదట్లో డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. మా ఆవిడకి ఆదివారాలూ హాస్పిటల్ డ్యూటీయే. ఇంట్లో నేనూ, టీవీ. గోడలతో మాట్లాడే రోజు ఎంతో దూరంలో లేదని భయం వేసి, ఊరి గోల్ఫ్ కోర్సుకి పోవడం మొదలుపెట్టాను. అక్కడ ఒంటరిగా వచ్చినవాణ్ణి ఇంకో ఒంటరివాడితో జత చేస్తారు. అలా దొరికాడు ఒక నల్లజాతి ముసలాయన.

వయసులో ఉండగా ఆయన గోల్ఫునే నమ్ముకుని బతికాడు. డబ్బున్న తెల్లవాళ్ల క్లబ్బులో ఆట నేర్పడం, వాళ్ల కర్రలు బాగుచేయడం ఉద్యోగం. ముందు గుమ్మంలోంచి మాత్రం రానిచ్చేవారు కాదట. తిండి వంటింటి వెనకాల. వింటుంటే నాకే ఒళ్లు మండేది. ఆయన నవ్వేవాడు.

ఈ ఆటలో ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. మొదటి రోజే ఒక గుంత దగ్గర నేను ఒక దెబ్బ మింగేసి, లెక్క కార్డులో రాయడానికి ఆరని చెప్పాను.

"ఏడు," అన్నాడు. "నీ కార్డు మీద సాక్షి సంతకం నాది. నేను చూడనిదానికి పెట్టను."

మూడేళ్ల ఆదివారాలు అలా గడిచాయి. ఒక అక్టోబరులో ఆయన జేబులోంచి రంగు మారిన కార్డు తీశాడు. ఆ క్లబ్బులో, సభ్యులు రాకముందు, పొద్దున్నే ఒక్కడే ఆడిన ఆట. పద్దెనిమిది గుంతలకీ కలిపి అరవై ఏడు. అక్కడ అంత తక్కువ ఇంకెవరూ కొట్టలేదట. సాక్షి గీత ఖాళీగా ఉంది.

"నువ్వు పెడతావా?" అన్నాడు.

స్నేహితుల రిజిస్టర్ పెళ్లిళ్లకీ, బంధువుల స్థలం కాగితాలకీ కళ్లు మూసుకుని సంతకాలు గీకినవాణ్ణి. నాకు ఆ రోజే నీతి పుట్టుకొచ్చింది.

"నేను చూడలేదు కదా. మీరు నేర్పిందే," అన్నాను. గురువుని మించిన శిష్యుణ్ణని లోపల కాస్త గర్వం కూడా.

"కరెక్ట్," అని కార్డు మడిచి పెట్టుకున్నాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కౌంటర్‌లో అడిగితే, ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడన్నారు. చెప్పకుండా పోయాడని కొన్నాళ్లు కోపం. కోపం పోయాక సిగ్గు మిగిలింది.

మరుసటి వేసవిలో, ఒక్కణ్ణే ఆడుతూ మొదటిసారి తొంభై లోపు కొట్టాను. ఇంటికొచ్చి మా ఆవిడకి కార్డు చూపించాను.

"ఈ గీత ఖాళీగా ఉందేం? నేను పెట్టనా?" అంది.

"నువ్వు చూడలేదుగా."

"చూడాలా ఏంటి? నువ్వు చెప్పావుగా."

సంతకం పెట్టేసి, కారు తాళాలు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ ముక్క నాకు అక్టోబరులో తట్టలేదు.