హవల్దారప్ప వేలాడిన బెల్టు

కాల్చిన కత్తితో నైలాన్ పట్టీ కోస్తే ఒక వాసన వస్తుంది. వెంట్రుక కాలినట్టు ఉంటుంది. ఈ పొద్దు మూకండపల్లిలో మా షెడ్డు తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకు తగిలి హవల్దారప్ప గుర్తొచ్చాడు. ఆయన పోయి మూడేళ్లయింది.

ఎత్తు మీద పనిచేసే కూలీలు పడిపోకుండా కట్టుకొనే బెల్టులు కుట్టే షెడ్డు మాది. ఆయన మాకు సూపర్‌వైజరు. కుందారపల్లిలో గొర్రెలు కాచే ఇంట పుట్టి, విమానంలోంచి పారాచూట్‌తో దూకే పటాలంలో హవల్దారుగా చేసి వచ్చాడు. మధ్యాహ్నం రాగిముద్ద తింటూ పటాలం సంగతులు చెప్పేవాడు. పాత యుద్ధంలో ఎవరు ముందు దూకారో, మెరూన్ టోపీ తలకెక్కాలంటే కొత్తవాడు ఎన్ని పాట్లు పడాలో, అన్నీ. నాకు మాత్రం పారాచూట్ మడిచేవాళ్ల సంగతి నిలిచిపోయింది.

"మడిచినోడు చీటీలో పేరు రాయాలమ్మా. దీన్ని నువ్వే కట్టుకొని దూకు అని యాపొద్దైనా అడగొచ్చు వాణ్ణి."

అందుకే మా బెల్టుల్లోనూ కుట్టినవాళ్ల పేరు, తేదీ రాసిన చీటీ పెట్టి కుట్టించేవాడు. అప్పటికి నాకు రాయడం రాదు. "వేలిముద్ర వేస్తే చాలదా అప్పా?" అని అడిగాను.

"ముద్రను చూసి నిన్ను ఏమని పిలిచేదమ్మా?"

గుడ్డ మీద గీసే సుద్దతో అట్ట మీద 'మునిరత్న' అని రాసిచ్చాడు. మొదట్లో 'ము' కొమ్ము మరిచిపోయేదాన్ని. "మనిరత్న ఎవరమ్మా, కొత్తగా చేరిందా?" అనేవాడు.

ఏటా పటాలం పుట్టినరోజున ఆయన మెరూన్ టోపీ పెట్టుకొని, కట్టల్లోంచి ఒక బెల్టు తీసి కట్టుకొని, షెడ్డు దూలానికి వేలాడేవాడు. పటాలంలో ఆఫీసరు సాబులు తమకన్నా ముందు దూకేవాళ్లట. అది ఆయన లెక్క.

నేను చేరిన ఏడు, నన్ను పర్మనెంట్ చేయాలా వద్దా అని ఓనరు తేల్చే వారంలోనే ఆ రోజు వచ్చింది. అంతకు రెండు రోజుల ముందు నా మిషన్‌లో కింది దారం చుట్టే బాబిన్‌లో లావు నైలాన్ దారానికి బదులు సంచులు కుట్టే సన్న దారం పడింది. పైకి కుట్టు ఒకేలా కనిపిస్తుంది. బాబిన్ అయిపోయినప్పుడు చూసుకొన్నాను. అప్పటికే తొమ్మిది బెల్టులు కట్టల్లోకి వెళ్లిపోయాయి. పని పోతుందని నోరు మెదపలేదు.

ఆయన స్టూలెక్కాడు. పక్క మిషన్ లక్ష్మక్క ఊరుకోలేదు. "మూడు ముద్దలు తిని వచ్చినట్టుండావు అప్పా. పాపం ఆ బెల్టు."

"నాలుగు తిన్నాను," అంటూ ఆయన చీటీ చూశాడు. "ఈ ఏడు మునిరత్నమ్మదే. మొన్న కుట్టింది."

కొక్కెం దూలానికి తగిలించి, ఒక కాలు స్టూలు మీది నుంచి తీశాడు.

"దిగప్పా," అన్నాను. "దాంట్లో సన్న దారం ఉండాది. నాకు తెలుసు."

షెడ్డులో మిషన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆయన దిగి, బెల్టు విప్పి చేతిలో పెట్టుకొన్నాడు.

"ఎన్ని?"

"తొమ్మిది."

"యాడ ఉండాయి?"

"తక్కినవి బయట లారీలో."

ఇద్దరం లారీలోని కట్టలు దించాం. నా పేరు, మొన్నటి తేదీ ఉన్న చీటీలు వెతికి, ఆయన చేతిలోదానితో కలిపి తొమ్మిదీ పక్కకు తీశాం. ఆయన కత్తెరతో వాటిని కోసేశాడు. నాకు పని పోయినట్టేననుకొని టిఫిన్ డబ్బా తీసుకొన్నాను.

"యాడికమ్మా? నిన్న కుట్టింది ఒకటి తీసుకొని రా."

తెచ్చి ఇచ్చాను. "ఇది మంచిదే అప్పా," అన్నాను.

"నువ్వు చెప్తే సరి."

కట్టుకొని, స్టూలు కాలితో తన్నేసి వేలాడాడు. టోపీ కింద పడింది. నేను తీసి పట్టుకొని నిలబడ్డాను.

ఆ వారం నా పర్మనెంట్ మాట ఎవరూ ఎత్తలేదు. ఆరు నెలలు పట్టింది. ఇప్పుడు ఆయన చూసిన పని నేను చూస్తున్నాను. ఆ పటాలాన్ని నేనెన్నడూ చూడలేదు. కానీ దాని పుట్టినరోజున కట్టల్లోంచి ఒక బెల్టు తీసి, చీటీ మీది పేరు పైకి చదివి, స్టూలెక్కుతాను. చదివాక ఆ పేరు గల మనిషి ముఖం వైపు ఒకసారి చూస్తాను. ఆ తర్వాతే కాలు తీస్తాను.